వంటగది తలుపు నుంచి వెళ్లిన తల్లులు

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా విడిపోయి వనపర్తి కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది, మే నెలాఖరులో, నన్ను పాన్‌గల్ వైపు ఒక సెక్టార్‌కు అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా బదిలీ చేశారు. సెక్టార్ అంటే పాతిక కేంద్రాల గుంపు. ఒక్కో కేంద్రంలో ఒక టీచర్, ఒక ఆయా ఉంటారు. వాళ్ల పైన సూపర్‌వైజర్, మా పైన ప్రాజెక్టు అధికారి అయిన సీడీపీవో. నెలలో ఏ రోజు ఏ కేంద్రానికి వెళ్తామో ముందే టూర్ ప్రోగ్రాం రాసివ్వాలి. వెళ్లొచ్చాక డైరీ రాయాలి. నెలాఖరున టీచర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి సెక్టార్ మీటింగ్ పెట్టాలి. చాలామంది మా పని గుడ్లు పంచడమే అనుకుంటారు. గుడ్ల కన్నా బరువుల రిజిస్టర్‌తోనే మాకు ఎక్కువ పని.

నేను గద్వాల మనిషిని. నా మాటలో అక్కడక్కడ కన్నడం దొర్లుతుంది. పాన్‌గల్ టీచర్లు నా యాసను వెనక అనుకరించి నవ్వుకునేవారని నాకు తెలుసు. నవ్వుకోనీ, రిజిస్టర్ మాత్రం శుభ్రంగా ఉండాలి అనేదాన్ని. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ల సర్వీసు ఉంది, దాంతోపాటు కావలసినంత గర్వమూ ఉంది.

ఆ గర్వానికి ముఖ్య కారణం జూన్‌లో కొత్త పిల్లల్ని చేర్చుకునే పద్ధతి. మూడేళ్లు నిండిన పిల్లలు కేంద్రానికి వచ్చే మొదటి పదిరోజులు ఏడుపులతో కప్పు ఎగిరిపోతుంది. నాగర్‌కర్నూల్‌లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఒక సీనియర్ నాకో ఉపాయం నేర్పింది. తల్లి పిల్లను తెచ్చి బొమ్మల దగ్గర కూర్చోబెట్టాలి. టీచర్ చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకోవాలి. పిల్ల అటు తిరగగానే తల్లి వంటగది తలుపు నుంచి చప్పుడు కాకుండా వెళ్లిపోవాలి. పోయొస్తానని చెప్పడం, ముద్దు పెట్టడం, వెనక్కి తిరిగి చూడటం, ఇవేవీ చేయకూడదు. పట్టుకోవడానికి తల్లి చీర కొంగు కనబడదు కాబట్టి పిల్ల తొందరగా ఊరుకుంటుంది. ఇది నిజంగానే పనిచేసేది. ఎక్కడికి బదిలీ అయినా ఈ పద్ధతి వెంట తీసుకెళ్లాను. ప్రాజెక్టు మీటింగ్‌లో నా పేరు చెప్పి మెచ్చుకున్నారు కూడా. ఆ జూన్‌లో పాతిక కేంద్రాలకూ వెళ్లి తల్లుల్ని కూర్చోబెట్టి నేనే స్వయంగా చెప్పాను.

ఆ పాతికలో ఒక ఊరి కేంద్రానికి డిసెంబరులో వెళ్లాను. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు మార్చాను. టీచర్ పేరు సుగుణ అనుకోండి. ఇంటర్ చదివింది, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ఆయా బాలమ్మ ఆమె కన్నా ఇరవై ఏళ్లు పెద్దది. ఒక్క అక్షరం రాదు కానీ ఊళ్లో ఏ పిల్లకు ఎన్ని పళ్లొచ్చాయో చెప్పగలదు. ఆ రోజు బరువులు తూస్తున్నారు. మా చార్టులో పిల్ల బరువును బట్టి ప్రతి నెలా ఒక చుక్క పెడతాం. చుక్క పచ్చ పట్టీలో ఉంటే బాగున్నట్టు, పసుపులోకి జారితే కాపాడుకోవాలి, ఎరుపైతే దవాఖానకు పంపాలి. ఆ జూన్‌లోనే, కాస్త ఆలస్యంగా చేరిన పావని అనే నాలుగున్నరేళ్ల పిల్ల అక్టోబరు దాకా పచ్చలోనే ఉంది. డిసెంబరుకు పసుపులో, ఎరుపు అంచున ఉంది.

ఎందుకని అడిగితే సుగుణ, తింటలేదు మేడం, అని ఊరుకుంది. బాలమ్మ మాత్రం, "తినుడు సంగతి పక్కకు వెట్టున్రి మేడం. ఆ పిల్ల పండుకుంటలేదు," అంది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక కేంద్రంలో పిల్లలందరినీ చాపల మీద పడుకోబెడతారు. ఆ రోజు ఉండి చూశాను. పదిహేనుమంది పిల్లలు అడ్డదిడ్డంగా పడి నిద్రపోతున్నారు. వాళ్ల మధ్య పావని ఒక్కతే నిటారుగా కూర్చుని ఉంది. బాలమ్మ కొంగు రెండు చేతులతో పట్టుకుంది. కళ్లు మూతలు పడుతున్నాయి, తల ముందుకు వాలుతోంది, వాలగానే ఉలిక్కిపడి లేచి కొంగు కొసన బాలమ్మ ఉందో లేదో చూసుకుంటోంది. బాలమ్మ అలాగే పప్పు ఏరుకుంటూ కూర్చుంది. బోళ్లు తోమడానికి లేవాలంటే పిల్ల కూడా వెంట రావలసిందే.

నాకు తెలిసిన వైద్యం నేను చేశాను. రోజూ రెండో గుడ్డు పెట్టమన్నాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాను. అక్కడి డాక్టరమ్మ నులిపురుగుల మాత్ర ఇచ్చి, ఒంట్లో జబ్బేమీ లేదని, ఇంట్లో ఏమైనా జరిగిందేమో కనుక్కోమని చీటీ మీద రాసి పంపింది. అది చదివి నాకు కొంచెం రోషం వచ్చింది. కనుక్కోవలసింది నేను, చెప్పించుకోవలసి వచ్చింది.

పావని ఇంటికి వెళ్లాను. ఇంట్లో పెద్దవాళ్లలో నాయనమ్మ బుచ్చమ్మ ఒక్కతే ఉంది. వాళ్లకు రెండెకరాల చెల్క నేల ఉంది. ఆ ఏడాది పత్తికి గులాబీ పురుగు తగిలింది, బోరు ఎండింది. కాడెడ్లను పెబ్బేరు సంతలో అమ్మేశారు. దీపావళి దాటాక కొడుకు ఆంజనేయులు, కోడలు మణెమ్మ పుణె దగ్గర కట్టడాల పనికి, కూలీల్ని తీసుకెళ్లే గుంపు మేస్త్రీతో వెళ్లిపోయారు. పాలు తాగే పిల్లవాణ్ని వెంట తీసుకెళ్లారు, పావనిని బుచ్చమ్మ దగ్గర వదిలారు. మా ప్రాంతంలో ఇందులో వింతేమీ లేదు. పాలమూరు కూలీ వెళ్లని ఊరు దేశంలో తక్కువ.

పిల్లకు ఏం చెప్పి వెళ్లారని అడిగాను. బుచ్చమ్మ నన్ను తెలివిలేనిదాన్ని చూసినట్టు చూసింది.

"ఏం జెప్తరు బిడ్డా, పండుకున్నప్పుడు పోయిండ్రు. లేస్తే ఏడుస్తది గద. రాత్రిపూట నా చీర కొసకు దాని గౌను కొస ముడేసుకుంటది. నేను పక్కకు తిరిగిన లేస్తది. తాయెత్తు గూడ కట్టిచ్చిన."

పావని గడపలో కూర్చుని వింటోంది. నేను కింద కూర్చుని, ఎందుకు నిద్రపోవడం లేదమ్మా, అని అడిగాను. జవాబు వస్తుందని అనుకోలేదు. ఆ పిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"నేను పండుకుంటె ఎడ్లు పోయినయి. నేను పండుకుంటె అమ్మ పోయింది."

ఎడ్లను పెబ్బేరుకు తోలుకెళ్లింది కూడా తెల్లవారకముందేనట. రెండుసార్లు నిద్రపోయింది, రెండుసార్లు లేచేసరికి ఇల్లు ఖాళీ అయింది. ఆ పిల్ల లెక్కలో తప్పు ఎక్కడుందో నాకు కనబడలేదు. అయినా ఇరవై రెండేళ్ల అలవాటు ఊరుకోదు కదా, తల నిమిరి, అమ్మ రేపొస్తుందిలే, అన్నాను. ఆ మాట అక్కడ అందరూ అంటున్నారని, సుగుణ కూడా రోజూ అంటోందని తర్వాత తెలిసింది. పావని నా ముఖం వైపు కూడా చూడకుండా లేచి లోపలికి పోయింది.

మరుసటి వారం సుగుణను, బాలమ్మను కూర్చోబెట్టి, రేపు అనే మాట మానేద్దామని చెప్పాను. అమ్మ పుణెలో ఉంది, ఇల్లు కట్టే చోట పనిచేస్తోంది, తమ్ముడు అక్కడే ఉన్నాడు అని ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. పొద్దుగూకే వేళ మణెమ్మతో ఫోన్లో మాట్లాడించమన్నాను. కొంత మేలు జరిగింది, పావని గుడ్డు తినడం మొదలుపెట్టింది. నిద్ర మాత్రం రాలేదు. జనవరి చుక్క కూడా డిసెంబరు చుక్క పక్కనే, ఎరుపు అంచునే పడింది.

మాఘమాసంలో ఊరి జాతరకు మణెమ్మ, ఆంజనేయులు అయిదు రోజుల కోసం వచ్చారు. సుగుణ ఫోన్ చేసి చెబితే నా టూర్ ప్రోగ్రాం మార్చుకుని వెళ్లాను. పావని తల్లి నడుముకు అంటుకుపోయి ఉంది. బాయి దగ్గరికి పోయినా, పక్కింటికి పోయినా వెంటే పోతోంది. శుక్రవారం తెల్లవారుజామున మేస్త్రీ బండి వస్తుందని, ముందురోజే పిల్లను పక్కింట్లో పడుకోబెట్టి వెళ్లిపోవాలని ఇంట్లో అనుకున్నారట. మళ్లీ అదే జరిగితే ఆ పిల్ల ఏమైపోతుందో నాకు బాగా తెలుసు. ఫిబ్రవరి చుక్క ఎరుపులో పడుతుంది. ఆ తర్వాత వనపర్తి దవాఖానలో పోషకాహార వార్డు మంచం, పక్కన బుచ్చమ్మ.

మణెమ్మను కేంద్రానికి పిలిపించాను. ఇరవై నాలుగేళ్లుంటాయి. సిమెంటుకు చేతుల వేళ్లు పగిలి ఉన్నాయి. నేను మెత్తగా మాట్లాడలేదు. నీకు మనసెలా ఒప్పింది, కన్నపిల్లకు చెప్పకుండా దొంగచాటుగా ఎలా వెళ్లావు, అని గట్టిగానే అడిగాను. ఆమె అంతా విని, చివర్లో తలెత్తి చూసింది.

"మీరే గద మేడం చెప్పింది. జూన్‌ల గీడనే కూసుండవెట్టి చెప్తిరి. పిల్ల జూడనప్పుడు పోవాలె, చెప్పి పోతే ఏడుస్తది అని. నేను వంటగది తలుపుల నుంచే పోయిన. మీరు చెప్పిన్రని ఇంటికాడ గూడ గట్లనే జేసిన."

ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు. పెద్ద చదువు చదివిన మేడం చెప్పింది కాబట్టి మంచిదే అయి ఉంటుందని నమ్మి చేసింది. సుగుణ తల వంచుకుని రిజిస్టర్‌లో గీతలు గీస్తోంది. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. పాతిక కేంద్రాల్లో, అంతకుముందు నేను పనిచేసిన ప్రతిచోటా, ఎంతమంది తల్లులకు ఈ పాఠం చెప్పానో గుర్తొచ్చింది. ఏడుపు వినబడకపోతే పిల్ల బాగున్నట్టే అనుకున్నాను. తల తిప్పితే అమ్మ మాయమవుతుందని మూడేళ్ల పిల్లలకు నేర్పింది నేనే.

తప్పు నాది మణెమ్మా, అన్నాను. ఆ మాట అనడానికి నాకు కొంచెం సమయం పట్టింది. ఈసారి చెప్పి వెళ్లు, అన్నాను.

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "అది ఏడుస్తుంటె నాతోటి కాదు మేడం. చూసినంటె పోలేను. పోకుంటె గీడ ఏం జేసి బతకాలె?"

అప్పుడు నాకు ఇంకో సంగతి తెలిసింది. చెప్పకుండా పోవడం పిల్ల కోసం అని మేం అనుకుంటున్నాం. అది తల్లి కోసం కూడా. మణెమ్మకు కూడా ఎవరో ఒకరు పక్కన నిలబడాలి. ఆ పని మా రిజిస్టర్‌లో ఏ గడిలోనూ లేదు.

ఇంట్లో మాట్లాడితే మరో అడ్డు వచ్చింది. బండి పొద్దెక్కాక రమ్మని మేస్త్రీని ఒప్పించగలనని ఆంజనేయులు అన్నాడు. బుచ్చమ్మ ససేమిరా అంది. బయలుదేరేటప్పుడు ఇంట్లో ఏడుపు వినబడితే అపశకునమట. కొడుకు ఎత్తయిన పరంజా కట్టెల మీద నిలబడి పనిచేసేవాడు, ఏమన్నా అయితే ఎవరు చూస్తారు, అంది. ఆమె భయాన్ని కొట్టిపారేసే ధైర్యం నాకు లేకపోయింది. అధికారిగా నేను చెప్పే మాట అక్కడ పనిచేయదు.

దారి చూపింది నా వెంట వచ్చిన బాలమ్మ. వాకిట్లో చెంబు పట్టుకుని నిలబడి, "ఇంట్ల ఏడిస్తెనే గద అత్తా అపశకునం. సెంటర్ల చెప్పి పోనియ్యి. ఆడ పొద్దుగల్ల లేస్తే ఏడ్పులే. గా ఏడ్పులల్ల దీని ఏడ్పు ఏ దేవునికి ఇనపడ్తది?" అంది. బుచ్చమ్మకు నవ్వు ఆగలేదు. నవ్వాక కాదనడం కష్టం.

శుక్రవారం తొమ్మిదింటికి మణెమ్మ పావనిని తీసుకుని కేంద్రానికి వచ్చింది. ఏం చెప్పాలో ముందురోజు నేనూ ఆమే కలిసి అనుకున్నాం. ఎక్కడికి పోతున్నదీ చెప్పాలి, ఎప్పుడు వస్తుందో పిల్లకు అర్థమయ్యే గుర్తు చెప్పాలి, అది నిలబెట్టుకోగలిగేదై ఉండాలి, అంతవరకు ఎవరు చూసుకుంటారో చెప్పాలి. మణెమ్మ గుమ్మంలో కూర్చుని పిల్లను ఒడిలో పెట్టుకుంది.

"బిడ్డా, అమ్మ పూన పోతున్న. నాయిన, తమ్ముడు గూడ వస్తుండ్రు. నువ్వు అవ్వ కాడ ఉండాలె. నువ్వు పండుకున్నందుకు పోతలేను, పని కోసం పోతున్న. చెల్కల ఇత్తనాలు వెట్టేటప్పుడు వస్త."

పావనికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తల్లి చీర పట్టుకుని వదల్లేదు. విడిపించబోతే బాలమ్మ చేయి కొరికింది. మిగతా పిల్లలు కూడా ఏడవడం మొదలుపెట్టారు. సుగుణ అలవాటుగా చప్పట్లతో పాట ఎత్తుకోబోయింది, నేను వద్దన్నాను. అంటూనే నా కళ్లు వంటగది తలుపు వైపు పోయాయి. తొందరగా అటు నుంచి పంపించేస్తే ఇదంతా ఆగిపోతుందని అనిపించింది. ఆ కోరిక ఎంత బలంగా ఉందో చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

మణెమ్మ ముందు తలుపు నుంచే వెళ్లింది. గేటు దాకా పోయి వెనక్కి వచ్చేసింది. అయిపోయింది, ఇక వెళ్లదు అనుకున్నాను. ఆమె వచ్చి, ఏడుస్తూనే, పావని గడ్డం పట్టుకుని, ఇత్తనాలప్పుడు వస్త, అని మళ్లీ ఒకసారి చెప్పి వెళ్లింది. నేను రోడ్డు దాకా ఆమె వెంట నడిచాను.

పావని మధ్యాహ్నం దాకా ఏడ్చింది. బాలమ్మ ఆమెను ఒళ్లో పెట్టుకుని ఊరుకో అనకుండా కూర్చుంది. ఆ రోజు పిల్ల అన్నం తినలేదు, నిద్రా పోలేదు. మర్నాడూ అంతే. నేను చేసింది మళ్లీ తప్పేనేమో అని వనపర్తిలో ఇంట్లో కూర్చుని మథనపడ్డాను. ఆ తర్వాతి వారం కేంద్రానికి వెళ్లేసరికి మధ్యాహ్నం అయింది. పావని చాప మీద కూర్చుని బాలమ్మ కొంగు పట్టుకుని ఉంది. బాలమ్మ కొంగు లాక్కోలేదు. "ఇగ జూడు, నేను బోరింగు కాడికి పోయి బోళ్లు తోముత. నువ్వు పండుకున్నా ఆడనే ఉంట, లేచినంక పిలువు," అని చెప్పింది. పావని అడిగింది, బోరింగు కాడనేనా అని. ఆడనే అంది బాలమ్మ. పిల్ల కొంగు వదిలి పడుకుంది. కాసేపు కళ్లు తెరుచుకుని బయట బోళ్ల చప్పుడు వింది. తర్వాత నిద్రపోయింది. నాలుగు గంటలకు గంట కొట్టినా లేవలేదు. నేను, సుగుణ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, లేపకుండా, మిగతా పిల్లల్ని ఇళ్లకు పంపించాం.

మార్చి చుక్క పసుపు మధ్యలోకి, జూన్ నాటికి పచ్చలోకి వచ్చింది. మణెమ్మ ఇత్తనాలప్పుడు వచ్చింది. వాన ఆలస్యమైతే ఆమే ఫోన్ చేసి, ఇంకా ఇత్తనాలు పెట్టలేదని పిల్లకు చెప్పిందట.

ఆ వచ్చినప్పుడు నాతో ఒక మాట అంది. "మొదటిసారి పోయినప్పుడు పూనల నాకు నిద్ర వట్టలే మేడం. లేచినంక ఏం జేసిందో, ఎంత ఎతికిందో అని అదే యాది. రెండోసారి ఎట్ల ఏడ్సిందో కండ్లార జూసిన గద. ఇగ పరేషాన్ గావడానికి కొత్తది ఏం లేకుండె."

ఇక నా పని మిగిలింది. ఫిబ్రవరి సెక్టార్ మీటింగ్‌లోనే, నేను జూన్‌లో ఇచ్చిన సూచన తప్పని, దాన్ని ఉపసంహరించుకుంటున్నానని మినిట్స్ బుక్‌లో నా చేత్తో రాసి సంతకం పెట్టాను. కొందరు టీచర్లు గొణిగారు. మళ్లీ జూన్‌లో ఏడుపులు పెరుగుతాయి మేడం, మాకు తలనొప్పి, అన్నారు. నిజమే, పెరిగాయి. పది రోజుల్లో తగ్గే ఏడుపులు ఆగడానికి పదిహేను రోజులు పట్టింది. తల్లులు గుమ్మంలో ఎక్కువసేపు నిలబడ్డారు, వాళ్లకు ధైర్యం చెప్పే పని కూడా మా మీద పడింది. సీడీపీవో తనిఖీకి వచ్చి, ఏమిటీ గోల, మీ పద్ధతి ఏమైంది, అని అడిగారు. మానేశానండీ అన్నాను. కారణం చెప్పాను. ఆయన విని, రిజిస్టర్ మీద సంతకం పెట్టి వెళ్లారు.

మరుసటి దీపావళి దాటాక మణెమ్మ వాళ్లు మళ్లీ బయలుదేరారు. మళ్లీ కేంద్రంలోనే చెప్పారు. ఆ రోజు నేను లేను, సుగుణ చెప్పింది. పావనికి అప్పటికి అయిదేళ్లు దాటాయి. తల్లి చెప్పిందంతా విని, పెదవి వణుకుతుండగా, "నేను జరసేపు ఏడుస్త. నువ్వు పో," అందట. అన్నట్టే బాలమ్మ ఒడిలో తలపెట్టి ఏడ్చింది, లేచి ముఖం కడుక్కుని అన్నానికి కూర్చుంది.

మూడేళ్ల తర్వాత నేను రిటైరయ్యాను. నా సర్వీసులో శిక్షణలు చాలా తీసుకున్నాను, ఎన్నో ఇచ్చాను. కష్టకాలంలో పిల్లలు తట్టుకోవాలంటే ఏం చేయాలని ఇప్పటికీ ఎవరైనా అడిగితే నాకు తెలిసింది కొంచెమే. వెళ్లేవాళ్లు చెప్పి వెళ్లాలి. ఏడవనివ్వాలి. ఏడ్చినంతసేపు ఎవరో ఒకరు లేవకుండా పక్కన కూర్చోవాలి, పిల్ల పక్కన ఒకరు, తల్లి పక్కన ఒకరు.